కొండ అవతలి మేక

జ్ఞానసుందరమ్మకి ఒక అలవాటు ఉంది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పదు. ముందు చేతికి ఏదో ఒక పని ఇస్తుంది. చింతపండులో గింజలు తీయమంటుంది, లేకపోతే బావి గిలకకి నూనె పెట్టమంటుంది. ఆ పని సగంలో ఉండగా, అడిగినవాళ్ళు తమ ప్రశ్నని కాస్త మరిచిపోయాక, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి మొదలుపెడుతుంది. ఆత్మకూరు దాటాక అడివి అంచున ఆవిడ ఉండే మిషన్ స్త్రీల శిక్షణాలయంలో చదువుకునే అమ్మాయిలు ఈ సంగతి మొదటి వారంలోనే కనిపెట్టేస్తారు. "అమ్మగారి దగ్గరికి అనుమానంతో వెళ్తే అనుమానం తీరినా తీరకపోయినా చింతపండు మాత్రం తయారవుతుంది" అని చాటుగా నవ్వుకుంటారు. ఆ మాట ఆవిడ చెవిన పడనే పడింది. పడ్డాక ఆ నెల చింతపండు ఇంకో రెండు కిలోలు ఎక్కువ తెప్పించింది.

ఆ రోజు కెజియా వచ్చేసరికి ఆవిడ ముక్కాలి పీట మీద కూర్చుని మేక గిట్టలు చెక్కుతోంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళ మధ్య మేక కాలు, చేతిలో వంకీ కత్తి. కెజియాకి ఇరవై నాలుగు. శిక్షణ ముగిసింది, పై వారం జాంబియా ప్రయాణం. ఆ దేశపు దక్షిణపు పల్లెల్లో బీద కుటుంబాలకి మేకల్ని ఇచ్చి నిలబెట్టే పని ఒకటి మిషన్ వాళ్ళు చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. జ్ఞానసుందరమ్మ వయసంతా అక్కడే గడిచింది. ఇప్పుడు ఈ పిల్ల వంతు వచ్చింది.

"అమ్మగారూ, ఒక మాట అడగాలి."

"అడుగుదువుగానీ, ముందు దీని కొమ్ములు పట్టుకో. నిన్నటినుంచి నామీద అలిగి ఉంది."

కెజియా చున్నీ నడుముకి బిగించి కొమ్ములు పట్టుకుంది. పట్టుకున్నా మనసు ఊరుకోలేదు. "మేకలు తీసుకునే కుటుంబాలకి షరతులు రాసుకున్నానండీ. పద్నాలుగు వచ్చాయి. అమ్ముకోకూడదు, కోసుకోకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, ఇలాగ. ఎన్ని రాసినా ఒక్కటి తేలట్లేదు. ఇచ్చేశాక, వాళ్ళు నమ్మదగ్గవాళ్ళో మోసగాళ్ళో మనకి ఎలా తెలుస్తుంది?"

కత్తి ఆగింది. కెజియా నడుము దగ్గర దోపుకున్న కాగితం సగం బయటికి కనబడుతోంది. నీలి సిరా, ప్రతి షరతు కిందా స్కేలు పెట్టి కొట్టిన గీత. నలభై ఏళ్ళ కిందట తన గీతలు కూడా అంతే తిన్నగా ఉండేవని జ్ఞానసుందరమ్మకి గుర్తొచ్చింది.

"ఎన్ని అన్నావూ?"

"పద్నాలుగండీ."

"నావి తొమ్మిదే" అంది ఆవిడ, పందెంలో ఓడినదానిలా. మేక కాలు మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని ఈ సంగతి చెప్పింది.

అప్పటికి ఆవిడ ఎవరికీ అమ్మగారు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళ సిస్టర్ సుందరి. నంద్యాల పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చుకుని, దేవుడి పని చెయ్యాలన్న ఆత్రంతో సముద్రం దాటి వెళ్ళింది. ఆమెకి అప్పగించిన ఊరి పేరు సియాకంబ. ఎర్రటి రాతినేల, వాన వస్తే ఒక పంట, రాకపోతే అదీ లేదు. ఇళ్ళు మనూళ్ళలోలాగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండవు. ఎవరి చేలో వాళ్ళ గుడిసెలు, ఒక కేక వేస్తే వినబడీ వినబడనంత దూరంలో. అక్కడివాళ్ళు ఆమెని వింతగా చూశారు. ఆమె చీర పొడుగెంతో ఇద్దరు ఆడవాళ్ళు చేతులతో మూర వేసి చూసి, ఇంత బట్టలో ఒక్కతే మనిషి ఉందా అని విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మొదటి ఏడాది అంతా నవ్వుతూనే గడిచింది. రెండో ఏటికి అక్కడి మాట నోటికి పట్టింది. నోటికి పట్టాక, తనకి అన్నీ అర్థమవుతున్నాయన్న ధీమా కూడా పట్టుకుంది.

పదహారు కుటుంబాలకి, ఇంటికి రెండేసి చొప్పున, ముప్పై రెండు ఆడమేకలు ఇచ్చారు. మేక ఈని మొదటి ఆడపిల్లని పెడితే, ఆ పిల్లని వరసలో ఉన్న తర్వాతి కుటుంబానికి ఇవ్వాలి. మిషన్ పెట్టిన అసలు నియమం అదొక్కటే. మిగతా ఎనిమిదీ సుందరి కలిపింది. మేకని ఇంకొకరి దగ్గర ఉంచకూడదు. మేకని నేలమీద కట్టకూడదు. నడుమెత్తున దుంగలు పాతి, వాటిమీద సందుల సందుల చెక్కలు పరిచి, మంచెలాంటి దొడ్డి కట్టాలి. పెంటిక కిందికి రాలిపోతుంది, కడుపులో నట్ట పురుగులు పట్టవు, హైనా అందుకోలేదు. ఇది మంచి నియమమే. ఊరివాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ దొడ్లని ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు కట్టుకుంటామన్నప్పుడు మాత్రం ఆమె ఒప్పుకోలేదు.

"బాట పక్కన ఒకే వరసలో కట్టండి."

"ఇంటి దగ్గరయితే మాకు వీలు, సిస్టర్" అన్నాడు మ్వీంబా. ఆయన ఆ ఊరి సంఘపెద్ద, సైకిలు మీద ఆమె వెంట తిరిగే దుబాసీ, నలభై ఏళ్ళవాడు.

"చూడ్డానికి నాకూ వీలుండాలిగా. అర మైలుకి ఒక ఇల్లు. అన్ని ఇళ్ళకీ తిరిగేసరికి నా కాళ్ళు మీ దేశంలోనే అరిగిపోతాయి."

అందరూ నవ్వారు. నవ్వి, బాట పక్కన పదేసి అడుగుల ఎడంలో పదహారు దొడ్లు కట్టారు. ప్రతి దొడ్డికీ ఒక చెక్క పలక; దానిమీద ఆ ఇంటి మనిషి పేరు, తెల్ల రంగుతో. బండిలో వచ్చే మిషన్ అతిథులకి దూరంనుంచే కనబడి ముచ్చటగా ఉండేది. ప్రతి గురువారం పొద్దున్నే సుందరి మొదటి దొడ్డి దగ్గర మొదలుపెట్టేది. ఒక్కో మేకనీ పట్టుకుని, నోరు తెరిచి, పళ్ళూ చిగుళ్ళూ వేళ్ళతో తడిమి చూసేది. గిట్టలు చూసేది. అవసరమైతే సీసాతో నట్టల మందు పట్టేది. ఒక్క గురువారం కూడా తప్పలేదు. జ్వరంగా ఉన్న రోజున సైకిలు వెనక కూర్చుని మరీ వెళ్ళింది. "మా ఊళ్ళో ఇన్నిసార్లు నోరు తెరిచేది సిస్టర్ మేకలే, మేం కాదు" అనేవాడు మ్వీంబా.

ఏడో దొడ్డి చోల్వే తల్లిది. అక్కడ బిడ్డలు పుట్టిన ఆడమనిషిని సొంత పేరుతో పిలవరు, పెద్దబిడ్డ పేరుకి తల్లిని చేర్చి పిలుస్తారు. చోల్వే తల్లికి యాభై దాటాయి. భర్త పోయాడు. మాట తక్కువ. సుందరి కనబడితే అక్కడి మర్యాద ప్రకారం మోకాళ్ళ మీద వంగి, రెండు చేతులూ మెల్లగా తట్టి పలకరించేది. మేకల్ని మాత్రం బిడ్డల్లా చూసుకునేది. ఆమె దొడ్డి చూసి పోవడానికి సుందరికి రెండు నిమిషాలు చాలు. అందుకే, రెండో ఎండాకాలంలో ఒక గురువారం ఆ దొడ్లో ఒక్క మేకే కనబడేసరికి సుందరి తన కళ్ళని తనే నమ్మలేదు.

"రెండోది ఏదీ?"

"ఉంది, సిస్టర్."

"ఎక్కడ?"

"మంచిచోట ఉంది."

బాటమీద మిగతా దొడ్లవాళ్ళు పనులు ఆపి చూస్తున్నారు. సుందరికి చెవులు వేడెక్కాయి. "అమ్మేశావా?"

"లేదు."

"కోసేశావా?"

చోల్వే తల్లి ఆమెకేసి వింతగా చూసింది, ఎవరో చంటిబిడ్డని ఏం చేశావని అడిగినట్టు. "లేదు, సిస్టర్. నా మేకలు ఎక్కడెక్కడ ఉన్నాయో నలుగురిలో నిలబడి చెప్పుకునే అలవాటు మాకు లేదు. సాయంత్రం మా ఇంటికి రండి. కూర్చోండి. చెప్తాను."

సుందరి ఆ ఇంటికి అంతవరకు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. దొడ్డి బాట పక్కనే ఉంది, ఇంటికి వెళ్ళాల్సిన అవసరం పడలేదు. "నియమాలు నలుగురిలోనే చదివాం. జవాబు కూడా నలుగురిలోనే చెప్పాలి" అంది.

మ్వీంబా గొంతు సవరించుకున్నాడు. "సిస్టర్, మా దగ్గర ఎవరూ తమ మేకలన్నిటినీ ఒక్క కప్పు కింద..."

"నేను చెప్పింది ఆవిడకి సరిగా అర్థమయ్యేట్టు చెప్పు, మ్వీంబా. సలహాలు తర్వాత."

తర్వాత అంటే ఎప్పుడో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

చోల్వే తల్లి ఇంకేమీ అనలేదు. అనకపోవడమే తప్పు ఒప్పుకోవడం అనుకుంది సుందరి. మిగిలిన మేకని దొడ్డిలోంచి దింపించి, వరసలో ఎదురుచూస్తున్న ఇంకో ఇంటికి అక్కడికక్కడే తాడు అందించి, దొడ్డి కూడా వాళ్ళదే అంది. సంచిలోంచి గిట్టలు చెక్కే వంకీ కత్తి తీసి, పలకమీద పేరు గీకేసింది. తెల్ల రంగు పొడి చీర కుచ్చిళ్ళమీద రాలింది. మేక మెడమీద ఆఖరుసారి చెయ్యి వేసి చోల్వే తల్లి ఒక్క మాట చెప్పింది: "కుడిచెవి వెనక గోకితే తప్ప ఇది పాలు చేపదు. కొత్తవాళ్ళకి చెప్పండి."

ఆ వారం మిషన్ పెద్దలకి రాసిన ఉత్తరంలో సుందరి, ఒక మోసం బయటపడిందనీ, చాలా బాధపడ్డాననీ రాసింది. నిజానికి అంత బాధ ఏమీ లేదు. తను ఒకరిని పట్టుకుందన్న తీపి ఎక్కడో లోపల ఉంది. రాత్రి ప్రార్థనలో కూడా ఆ తీపి నాలుక కిందే ఉంది. ఈ ముక్క చెప్తున్నప్పుడు జ్ఞానసుందరమ్మ కెజియా వైపు చూడలేదు. మేక గిట్టలో ఇరుక్కున్న రాయిని చాలాసేపు తీసింది.

మూడు వారాలు గడిచాయి. గురువారం మొదటి దొడ్డిలో ఒక మేకకి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ముక్కు చీమిడి కట్టింది. సుందరి నోరు తెరిచి చూసింది. చిగుళ్ళ మీద తవుడు అంటుకున్నట్టు తెల్లగా పొక్కులు. ఎండకి వేడి చేసిందనుకుంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని రెండో దొడ్డి ఎక్కింది. అక్కడా నోళ్ళు తెరిచింది. మూడో దొడ్డి. నాలుగోది. అదే చెయ్యి, అదే మందు సీసా, పదహారో దొడ్డి దాకా. ఎంత శ్రద్ధగా చూసిందంటే, ఆ రోజు ఒక్క మేకని కూడా వదల్లేదు.

అది పారుడు రోగం, మేకలకి ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే తెగులు. పై గురువారానికి తొమ్మిది దొడ్లలో మేకలు తల వాల్చేశాయి. ఒకదాని ఊపిరి ఇంకోదానికి తగిలేంత దగ్గర దొడ్లు. దాటడానికి రోగానికి కష్టమేం కాలేదు. పట్నంనుంచి పశువుల డాక్టరు వచ్చేటప్పటికి మిగిలినవి నాలుగే. ఆయన బాటమీద ఆ చివరినుంచి ఈ చివరికి ఒకసారి నడిచి వచ్చాడు.

"ఇంత దగ్గరగా కట్టమన్నది ఎవరు?"

ఊరంతా అక్కడే ఉంది. ఒక్కరి చూపు కూడా సుందరి వైపు తిరగలేదు. అందరూ నేలకేసి చూస్తూ నిలబడ్డారు. మ్వీంబా సైకిలు గంటని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"నేనే" అంది సుందరి.

"వీటి నోళ్ళు ఎవరు చూస్తారు?"

"నేనే."

"ఒకదాని తర్వాత ఒకటా? చేతులు కడగకుండానా?"

ఆమె తన చేతులకేసి చూసుకుంది. మిగిలిన ఆ నాలుగూ ఆదివారానికి పోయాయి. కుడిచెవి వెనక గోకితే పాలు చేపే మేక శనివారమే పోయింది. మగవాళ్ళు బాటకి దూరంగా పెద్ద గొయ్యి తీశారు. ఆ రోజు ఆరాధనలో ఎవరూ డప్పు ముట్టలేదు.

మర్నాటినుంచి ఊరి ఆడవాళ్ళు సుందరి ఇంటి వరండాలో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. వస్తారు, కూర్చుంటారు, పొద్దెక్కాక లేచి వెళ్తారు. కొత్త మేకలు అడగడానికి వస్తున్నారనుకుంది ఆమె. మూడో రోజు ఉండబట్టలేక, "ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదమ్మా" అంది. ఒక ముసలావిడ ఆశ్చర్యంగా తల ఎత్తింది. "అడగడానికి రాలేదు, సిస్టర్. ఇంత నష్టం జరిగిన ఇంట్లో మనిషిని ఒంటరిగా వదిలేస్తామా?" అంది. నష్టం తమది కూడా అన్నట్టు కాదు, ఆమెదే అన్నట్టు మాట్లాడింది. సుందరి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ కూర్చున్నవాళ్ళలో చోల్వే తల్లి లేదని ఆమె మొదటి రోజే చూసింది. రాకపోవడం న్యాయమే అనుకుంది.

తనని వెనక్కి పిలిపించుకోమని మిషన్‌కి ఉత్తరం రాసింది. రెండున్నర నెలలకి జవాబు వచ్చింది: శనివారం బండి పంపిస్తాం, సామాను సర్దుకోండి. అప్పటికి తొలి వానలు పడ్డాయి. ఖాళీ దొడ్ల పలకల మీద నీళ్ళు కారుతున్నాయి. గురువారం వచ్చింది, ఆమెకి చెయ్యడానికి ఏ పనీ లేదు. వరండాలో పెట్టెకి తాడు కడుతూ ఉండగా, కొండవైపు బాటమీద ఒక మనిషి, వెనక ఒక మేక, దాని వెనక రెండు పిల్లలు కనబడ్డాయి.

చోల్వే తల్లి కాళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. మేక చెవికి మిషన్ వేసిన పసుపు బిళ్ళ అలాగే ఉంది. నున్నగా, కడుపు నిండుగా ఉంది. ఎక్కడా చీమిడి లేదు. సుందరి చేతిలో తాడు జారిపోయింది.

"ఉందని చెప్పానుగా" అంది చోల్వే తల్లి. ఈసారి మోకాళ్ళ మీద వంగలేదు. వరండా ఎక్కి, పక్కన అరుగుమీద కూర్చుని, ఆయాసం తీర్చుకుంది. మేకని చూసి మ్వీంబా కూడా సైకిలు దిగి వచ్చాడు.

ఆమె అప్పుడు చెప్పింది. కొండ అవతల తనతో కలిసి పెరిగిన మనిషి ఒకామె ఉంది. మిషన్ హద్దు కొండ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. ఇంట్లో పసి మనవరాలు, పాలు లేవు. అందుకని ఒక మేకని తీసుకెళ్ళి ఆమె దగ్గర ఉంచింది. మేక తనదే, పాలు ఆమెవి, పెంట ఆమె చేనుకి. ఈనితే ఒక పిల్ల ఆమెకి మిగులుతుంది. అక్కడ మేకలున్న ప్రతి ఇంటివాళ్ళూ చేసేది అదే. ఒకటి ఇక్కడ, ఒకటి బావమరిది ఇంట్లో, ఒకటి ఏటి అవతల. ఒకచోట తెగులు వచ్చినా ఇంకోచోట మిగులుతుంది. మేక వెళ్ళిన ఇల్లు చుట్టం అవుతుంది.

"మిగతావాళ్ళు మాత్రం మీ నియమాన్ని పాటించారు" అంది చోల్వే తల్లి. ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

సుందరి మ్వీంబా వైపు తిరిగింది. "ఆ రోజు నువ్వు చెప్పబోయింది ఇదేనా?"

"అవును, సిస్టర్" అన్నాడాయన వినయంగా. "తర్వాత చెప్పమన్నారు."

పిల్లల్లో ఒకటి పెట్టె మీదికి గెంతి, సర్దిన చీర అంచుని నమలడం మొదలుపెట్టింది. సుందరి దాన్ని తోలలేదు. "నీ పేరు... మీ పేరు నా చేతులతోనే గీకేశాను" అంది.

"గీకింది నా పేరేనని వీడు చెప్పాడు" అంది చోల్వే తల్లి మ్వీంబాని చూపించి. "నాకు చదవడం రాదు. ఆ పలక ముందు ఎలా ఉందో నాకు ఇప్పుడూ అలాగే ఉంది."

మ్వీంబా పక్కకి తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదు, నవ్వు.

చోల్వే తల్లి లేచి ఆడపిల్లని చంకన ఎత్తుకుంది. "మొదటి ఆడపిల్ల. తర్వాతి ఇంటికి ఇవ్వాలి. నువ్వే చదివి చెప్పావుగా నియమం. వరసలో ఎవరున్నారో చెప్పు, పోయేటప్పుడు దింపేసి పోతాను. పోతుపిల్లని కొండ అవతలకి పంపాలి, అది ఆమెది." తర్వాత చుట్టూ చూసింది. వరండా చూసింది, పెరడు చూసింది. "నీ దొడ్డి ఏదీ?"

సుందరి అయోమయంగా చూసింది. పదహారు దొడ్లు కట్టించిన మనిషికి సొంత దొడ్డి లేదు. తనకంటూ ఒక మేకని పెంచుకోవచ్చన్న ఆలోచన రెండేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. చోల్వే తల్లి నాలుక చప్పరించి, తల్లిమేకని తీసుకొచ్చి వరండా స్తంభానికి కట్టేసింది.

"ఇది... నాకు ఎందుకు? మీకు ఉన్నది ఇదొక్కటే. నేను తీసుకోలేను."

"నీకు ఇవ్వడం లేదు" అంది చోల్వే తల్లి. "మేక నాది. నీ దగ్గర ఉంచుతున్నాను. కొండ అవతల పసిది ఇప్పుడు జావ తాగుతోంది. పాలు నువ్వు తాగు. చిక్కిపోయావు."

"నా దగ్గరా? నా చేతుల్లోనే కదా అన్నీ..."

చోల్వే తల్లి మేక కుడిచెవి వెనక తన వేళ్ళతో గోకి చూపించింది. "దీనికీ ఇక్కడే. రెండూ అక్కచెల్లెళ్ళు" అంది. ఆడపిల్లని చంకనేసుకుని, పోతుపిల్లని తోలుకుంటూ, చినుకుల్లోనే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శనివారం బండి వచ్చింది. డ్రైవరుకి మేకపాలతో టీ ఇచ్చి ఖాళీ బండిని పంపించేసింది సుందరి. దొడ్డి కట్టుకోవడానికి ఆమెకి నాలుగు రోజులు పట్టింది. ఇంటి వెనకే కట్టుకుంది. పలక పెట్టలేదు.

మూడు కాళ్ళు అయిపోయాయి. ఎప్పుడు వదిలేసిందో తెలియకుండానే కెజియా కొమ్ములు వదిలేసింది. మేక కూడా ఎక్కడికీ పోకుండా నిలబడి ఉంది. నడుము దగ్గరి కాగితం చెమటకి తడిసి, నీలి గీతలు అలుక్కుపోయాయి. కెజియా దాన్ని బయటికి తీసింది, మడత విప్పింది, మళ్ళీ మడిచింది. ఎక్కడ పెట్టుకోవాలో తోచక చేతిలోనే ఉంచుకుంది.

"అయితే, ఇచ్చాక వెళ్ళి చూడొద్దంటారా అమ్మగారూ?"

జ్ఞానసుందరమ్మ నాలుగో కాలు ఒళ్ళోకి తీసుకుంది. చిగుళ్ళు తడిమిన ఆ వేళ్ళలో కత్తి తిన్నగానే కదులుతోంది.

"ఆ మేక నా దగ్గర ఏడేళ్ళు ఉంది" అంది. "చోల్వే తల్లి నెలకి ఒకసారి వచ్చేది. ఒక్కనాడు కూడా దాని నోరు తెరిచి చూడలేదు. వరండాలో కూర్చుని నా మొహం చూసి వెళ్ళిపోయేది."